ఏడో నెలలో పుట్టిన బిడ్డ వెంటిలేటర్ మీద ఉంటే: బతుకుతుందా, బాగుంటుందా, చెన్నైకి తీసుకెళ్లాలా?

మీరు రాసిందాంట్లో నాకు అర్థమైంది ఇది. పలమనేరు దగ్గర ఉన్న మీ చెల్లెలికి 29వ వారంలో నొప్పులొచ్చాయి. అక్కడి ఆసుపత్రిలో బిడ్డ ఊపిరితిత్తుల కోసం ఇంజెక్షన్ వేసి తిరుపతికి పంపారు. ఇక్కడ రెండోది పడ్డాక కాన్పయింది. ఆడబిడ్డ, 1150 గ్రాములు. పుట్టిన కాసేపటికే డొక్కలు ఎగరేస్తూ మూలిగింది. ముక్కులోంచి ఒత్తిడితో గాలి పంపే సీప్యాప్ పెట్టారు, చాలలేదు. గొంతులోకి గొట్టం వేసి, ఊపిరితిత్తుల్లోకి మందు పోసి, వెంటిలేటర్ మీద పెట్టారు. ఇవాళ నాలుగో రోజు. మొదట 80 శాతం ఆక్సిజన్ ఇచ్చారు, ఇప్పుడు 40కి తగ్గించారు. ఇంటి దగ్గర ఒకరు ‘గొట్టం వేశారంటే ఇక రాదు’ అంటున్నారు. ఇంకొకరు చెన్నైలో ఎక్మో అని పెద్ద మెషిన్ ఉంది, అక్కడికి తీసుకుపొమ్మంటున్నారు. ‘బతికినా తెలివి ఉండదట, ఆడబిడ్డకి ఇంత ఖర్చెందుకు’ అన్నవాళ్లూ ఉన్నారు.

నేను తిరుపతిలో పసిబిడ్డల ఐసీయూలో చాలా ఏళ్లుగా పనిచేస్తున్న డాక్టర్ని. బిడ్డను నేను చూడలేదు కాబట్టి, పక్కనుండి చూస్తున్న డాక్టరు చెప్పినదానికి నేను చెప్పేది అడ్డు రాకూడదు. కానీ మీరు రాసిన వివరాల్లో ధైర్యం చెప్పేవి చాలా ఉన్నాయి.

ముందు చెన్నై సంగతి, ఎందుకంటే అది మీరు ఈ రాత్రికే తేల్చుకోవాలి. ఎక్మో కోసం ఈ బిడ్డను కదిలించకండి.

ఎక్మో అంటే మెడలోని పెద్ద రక్తనాళంలోకి గొట్టం వేసి, రక్తాన్ని బయటికి తీసి, మెషిన్‌లో ఆక్సిజన్ ఎక్కించి మళ్లీ ఒంట్లోకి పంపడం. అలా బతికిన మొదటి పసిబిడ్డ 1975లో కాలిఫోర్నియాలో రాబర్ట్ బార్ట్‌లెట్ బృందం చూసిన పాప. ఆ తర్వాత బ్రిటన్‌లో 185 మంది బిడ్డల మీద పెద్ద పరిశోధన జరిగింది, 1996లో ఫలితాలొచ్చాయి. మామూలు చికిత్స పొందిన వాళ్లలో ఏడాది లోపు 59 శాతం మంది చనిపోతే, ఎక్మో అందిన వాళ్లలో 32 శాతం మంది చనిపోయారు. చాలా గొప్ప తేడా. అయితే ఆ బిడ్డలంతా 35 వారాలు నిండి, 2 కిలోలు దాటినవాళ్లు. ఉమ్మనీటిలోని మలాన్ని ఊపిరితిత్తుల్లోకి పీల్చుకున్నవాళ్లు, ఊపిరితిత్తుల రక్తనాళాలు ముడుచుకుపోయినవాళ్లు, అలాంటి జబ్బులవాళ్లు.

29 వారాల బిడ్డకు అదే మెషిన్ ప్రమాదం. గొట్టాల్లో రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తూనే ఉండాలి. ఇంత ముందు పుట్టిన బిడ్డ మెదడు మధ్యలో రక్తనాళాలు ఎంత పల్చగా ఉంటాయంటే, ఏ మందూ ఇవ్వకపోయినా మొదటి రోజుల్లో అవి చిట్లే భయం ఉంటుంది. అక్కడ హెపారిన్ ఇస్తే తలలో రక్తం పారుతుంది. మెడలోని నాళం కూడా ఆ గొట్టం పట్టేంత ఉండదు. అందుకే 34 వారాలు, 2 కిలోల లోపు బిడ్డలకు ఎక్మో సాధారణంగా పెట్టరు. ఊపిరితిత్తుల రక్తనాళాలు వదులు కావడానికి గాలిలో కలిపి ఇచ్చే నైట్రిక్ ఆక్సైడ్ గ్యాస్ సంగతీ దాదాపు ఇంతే. నెలలు నిండిన బిడ్డకు బాగా పనిచేస్తుంది, చిన్న బిడ్డలకు మామూలుగా వాడొద్దనే 2010లో అమెరికా నిపుణుల బృందం తేల్చింది. చెన్నైలో ఉన్నది మన దగ్గర లేక ఈ బిడ్డ నష్టపోతోందని మనసులో పెట్టుకోకండి.

పైగా ప్రయాణం. పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా 130 కిలోమీటర్లకు పైగా దారి. వెంటిలేటర్ మీదున్న కిలో బిడ్డకు దారిలో ఒళ్లు చల్లబడినా, గొట్టం అర సెంటీమీటరు జరిగినా ఇబ్బందే. కుదుపులకు తలలో రక్తస్రావం భయం పెరుగుతుంది. మార్చక తప్పని సందర్భాలు లేకపోలేదు: పేగుకు చిల్లు పడి ఆపరేషన్ కావాలి, గుండెలో పుట్టుకతో పెద్ద లోపం ఉంది, లేదా ఉన్నచోట రాత్రిపూట డాక్టరే ఉండడు. మీరు రాసిన ఆసుపత్రిలో డాక్టరు ఉన్నారు, ఆక్సిజన్ తగ్గుతోంది, బిడ్డ కుదురుకుంటోంది. అక్కడే ఉంచండి.

ఇక గొట్టం గురించి. పెద్దవాళ్లకు వెంటిలేటర్ పెట్టడం వేరు, ఈ బిడ్డలకు పెట్టడం వేరు. తాతకు నిమోనియా ముదిరి వెంటిలేటర్ పెడితే, అప్పటిదాకా పనిచేసిన ఊపిరితిత్తులు పాడయ్యాయని అర్థం. మీ మేనకోడలివి పాడవలేదు, ఇంకా తయారు కాలేదు. ఊపిరితిత్తుల్లోని గాలి గదులు ముడుచుకోకుండా ఉంచే సబ్బులాంటి ఒక పదార్థం ఉంటుంది, సర్ఫాక్టెంట్ అంటాం. కడుపులో బిడ్డకు అది 24 వారాల నుంచి మెల్లగా మొదలై, 34, 35 వారాలకు గానీ సరిపడా ఊరదు. అది లేకపోతే ఊపిరి వదిలిన ప్రతిసారీ గాలి గదులు తడి పాలిథిన్ కవరులా అంటుకుపోతాయి. మళ్లీ తెరవడానికి బిడ్డ బలమంతా పెట్టాలి. ఆ డొక్కలెగరేయడం, మూలగడం అదే.

1963లో అమెరికా అధ్యక్షుడు కెనెడీ కొడుకు పాట్రిక్ ఐదున్నర వారాలు ముందుగా పుట్టి, ఇదే జబ్బుతో 39 గంటలకు చనిపోయాడు. అతని బరువు 2 కిలోలకు పైనే. జబ్బుకు కారణం సర్ఫాక్టెంట్ లేకపోవడమేనని మేరీ ఎలెన్ ఆవెరీ 1959లోనే చూపించినా, దాన్ని బయటినుంచి ఇచ్చే దారి అప్పటికి లేదు. 1980లో జపాన్‌లో ఫుజివారా బృందం పది మంది బిడ్డల ఊపిరితిత్తుల్లోకి దాన్ని పోసి చూపించింది. మీ బిడ్డకు గొట్టంలోంచి పోసిన తెల్లటి మందు ఆ వరసలోదే. ఆ రోజు అధ్యక్షుడి కొడుక్కి దొరకనిది ఇవాళ పలమనేరు పాపకు తిరుపతిలో దొరికింది. ఈ మాట నేను ప్రతి తల్లిదండ్రులకూ చెప్తాను.

వెంటిలేటర్ ఊపిరితిత్తులను బాగుచేయదు. అవి తమంతట తాము సిద్ధమయ్యేదాకా ప్రాణం నిలబెడుతుంది. మందు పోయకపోతే ఈ జబ్బు రెండు మూడు రోజులు ముదిరి, తర్వాత బిడ్డ సొంత సర్ఫాక్టెంట్ ఊరడంతో తగ్గుముఖం పడుతుంది. పోస్తే ఇంకా తొందరగా తగ్గుతుంది. 80 నుంచి 40కి రావడం అదే. మెషిన్ గాలి ఎక్కువ రోజులు కొడితే ఆ లేత ఊపిరితిత్తులకే దెబ్బ కాబట్టి, డాక్టర్లు గొట్టం తీసేసి మళ్లీ సీప్యాప్ మీదికి తేవాలని ఆరాటపడతారు. ‘నిన్న తీశారు, ఇవాళ మళ్లీ వేశారు’ అని వింటే గుండె జారిపోవద్దు. ఈ వారాల బిడ్డల్లో అది తరచుగా జరిగేదే. ఊపిరి తీయడం మరిచిపోకుండా కెఫీన్ కూడా ఇస్తారు, కాఫీలో ఉండేదే. దాంతో ఊపిరితిత్తుల దెబ్బ తగ్గుతుందని 2006లోనూ, ఏడాదిన్నర వయసుకు సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బ వల్ల కాళ్లూ చేతులూ సరిగా ఆడకపోవడం) కూడా తగ్గుతుందని 2007లోనూ పెద్ద పరిశోధనలో తేలింది.

‘ఏడో నెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెల బిడ్డ బతకదు’ అని మన పెద్దవాళ్లు అంటారు, మీ అమ్మగారూ అన్నారని రాశారు. ఆమె ధైర్యం ఆమెకు ఉండనివ్వండి, కానీ అది నిజం కాదు. కడుపులో గడిచిన ప్రతి వారం బిడ్డకు బలమే. అమెరికాలోని పెద్ద ఆసుపత్రుల్లో 2013 నుంచి 2018 వరకు పుట్టిన బిడ్డల లెక్కలు చూడండి. 23 వారాలకు పుట్టి పూర్తి చికిత్స అందినవాళ్లలో ఇంటికి వెళ్లింది దాదాపు 56 శాతం. 28 వారాలకు పుట్టినవాళ్లలో 94 శాతం. ఐదు వారాలకు అంత తేడా. మన దగ్గర ఆ 94 ఉండదు, ఉందని చెప్పి మిమ్మల్ని మోసపుచ్చను. మనకు ఇన్ఫెక్షన్లు ఎక్కువ, నర్సులు తక్కువ, దారిలో చల్లబడి ఆలస్యంగా చేరే బిడ్డలు ఎక్కువ. కానీ 29 వారాల బిడ్డ, సరైన యూనిట్‌లో పుట్టి, మందు అంది, నాలుగో రోజుకు ఆక్సిజన్ సగానికి దిగిందంటే, బతికే వైపే నేను చూస్తాను.

ఇక్కడ మీ బిడ్డకు కలిసొచ్చినవి రెండున్నాయి. అంతే వారాలకు పుట్టిన మగబిడ్డ కంటే ఆడబిడ్డ ఊపిరితిత్తులు ముందుగా సిద్ధమవుతాయి. ఆడబిడ్డ కావడం, కాన్పుకు ముందు తల్లికి ఇంజెక్షన్ పడటం, ఈ రెంటిలో ఒక్కొక్కటీ దాదాపు ఒక వారం ఎక్కువ కడుపులో ఉన్నంత మేలు చేస్తుందని అమెరికా లెక్కల్లో తేలింది. ఆడబిడ్డకి ఇంత ఖర్చెందుకన్న పెద్దమనిషికి ఈ మాట నా మాటగా చెప్పండి. డబ్బు చాలక, లేదా ఆడపిల్లేనన్న తేలికతో, సంతకం పెట్టి ఇంటికి తీసుకుపోయిన బిడ్డలను నేను చూశాను. వాళ్లలో కొందరు మరో వారంలో గొట్టం లేకుండా ఊపిరి తీసుకోగలిగేవాళ్లు. ఆ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు. డబ్బు కష్టమైతే ఆసుపత్రిలో ప్రభుత్వ వైద్య పథకం పని చూసే సిబ్బంది (ఆరోగ్యమిత్ర) దగ్గరికి ఇవాళే వెళ్లండి. ఎన్టీఆర్ వైద్య సేవలో నెలలు నిండని బిడ్డల చికిత్సకు ప్యాకేజీలు ఉన్నాయి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో జననీ శిశు సురక్ష కింద జబ్బుపడ్డ పసిబిడ్డకు చికిత్స ఉచితం. అక్కడికి మార్చాలంటే ముందు పడక ఉందని ఖాయం చేసుకుని, డాక్టరుతో డాక్టరు మాట్లాడుకున్నాక, బిడ్డ నిలకడగా ఉన్నప్పుడే కదలండి.

తెలివి సంగతి. ఇది అడగడానికి చాలామంది మొహమాటపడతారు, మీరు అడిగినందుకు సంతోషం. వెంటిలేటర్ మీద పెట్టినంత మాత్రాన తెలివి పోదు. మెదడుకు దెబ్బ తగిలేది ముఖ్యంగా మూడు దారుల్లో: తలలో రక్తస్రావం, రక్తంలో ఇన్ఫెక్షన్, బీపీ పడిపోయి మెదడుకు రక్తం అందకపోవడం. రక్తస్రావం ఎక్కువగా మొదటి మూడు రోజుల్లోనే జరుగుతుంది. మీ బిడ్డ ఆ మూడు రోజులూ దాటింది. మాడు మీద మెత్తగా ఉండే చోట నుంచి తల స్కాన్ తీస్తారు, అల్ట్రాసౌండే, రేడియేషన్ ఉండదు. రక్తస్రావం ఉంటే అది ఎంత తీవ్రమో అందులో గ్రేడుగా రాస్తారు. ఒకటి, రెండు అయితే ఎక్కువమంది బిడ్డలు బాగానే ఎదుగుతారు. మూడు, నాలుగు అయితే కాళ్లూ చేతులూ బిగుసుకుపోవడం, నడక ఆలస్యం కావడం, తలలో నీరు చేరడం లాంటి భయాలు నిజంగా పెరుగుతాయి. అప్పుడు డాక్టరుతో కూర్చుని నిదానంగా మాట్లాడాలి. నాలుగో గ్రేడు రెండు వైపులా ఉండి, ఊపిరితిత్తులూ కోలుకోకపోతే, చికిత్స ఎంతవరకు కొనసాగించాలన్న ప్రశ్న కూడా వస్తుంది. ఆ ప్రశ్న అడిగిన తల్లిదండ్రులను ఎవరూ తప్పుపట్టకూడదు. మీరు ఇప్పుడు ఆ చోటులో లేరు.

పైన చెప్పిన 2013-2018 అమెరికా లెక్కల్లోనే 27 వారాల లోపు పుట్టినవాళ్లను, అంటే మీ బిడ్డకంటే చాలా బలహీనులను, రెండేళ్ల వయసులో పరీక్షించారు. దాదాపు సగం మందికి ఎదుగుదలలో లోపం లేదు, లేదా కొద్దిగానే ఉంది. ఓ మోస్తరు నుంచి తీవ్రమైన సెరిబ్రల్ పాల్సీ 8.4 శాతం మందికి, రెండు కళ్లూ కనిపించకపోవడం 1.5 శాతం మందికి. అయితే సగం మంది ఆ రెండేళ్లలో మళ్లీ ఆసుపత్రిలో చేరాల్సి వచ్చింది. ఈ చివరి సంగతి గుర్తుంచుకోండి, ఇంటికి వెళ్లాక పనికొస్తుంది.

రోజూ డాక్టరు బయటికి రాగానే ‘ఎలా ఉంది’ అని అడిగితే ‘అలాగే ఉంది’ అనే సమాధానమే వస్తుంది. దాంతో టెన్షన్ పెరగడమే తప్ప ఏమీ తెలీదు. ఆక్సిజన్ శాతం నిన్నటికీ ఇవాళ్టికీ ఎంత మారింది, తల స్కాన్ తీశారా, గ్రేడు ఎంత, ఇన్ఫెక్షన్ ఉందా అని చూసే రక్తం కల్చర్ ఏమొచ్చింది, పాలు ఎన్ని మిల్లీలీటర్లు పడుతున్నాయి, అవి అరుగుతున్నాయా, ఇవి అడగండి. గొట్టం ఎప్పుడు తీస్తారని రోజూ ఒత్తిడి చేయకండి. రక్తంలో ఆక్సిజన్‌ను చూపే మానిటర్ రీడింగ్ 100 ఉంటే బాగుందని అనుకోకండి కూడా. ఆక్సిజన్ ఇస్తున్నంత కాలం ఈ బిడ్డలకు 90 నుంచి 95 మధ్యే కావాలి. అంతకంటే తక్కువైతే ప్రాణానికి, ఎక్కువైతే కళ్లకు ముప్పు.

పాల మాట వచ్చింది కాబట్టి మీ చెల్లెలి గురించి. ఆమెను ఇంట్లో పడుకోబెట్టి, పురిటి మైల అనీ, బాలింత గాలికి తిరగకూడదనీ బిడ్డ దగ్గరికి పంపట్లేదని రాశారు. దయచేసి ఇవాళే పంపండి. ఇప్పుడు ఆ ఐసీయూలో ఏ డాక్టరూ చేయలేని పని ఆమె చేయగలదు. ఆమె పాలు ఈ బిడ్డ పేగులను కాపాడతాయి. నెలలు నిండని బిడ్డకు పేగులు కుళ్లే జబ్బు వస్తే, ఊపిరితిత్తులు బాగుపడినా ప్రాణం దక్కకపోవచ్చు. డబ్బా పాలతో ఆ భయం ఎక్కువ. రెండు మూడు గంటలకోసారి, రాత్రి కూడా, పాలు పిండాలి. మొదట్లో నాలుగు చుక్కలే వస్తాయి. ఆ ముర్రుపాలు వృథా అనుకోకుండా నర్సుకు ఇవ్వండి. పాలు పడలేదని అత్తగారో ఇంకొకరో అంటే, పిండకపోతే పడవని చెప్పండి.

గొట్టం తీసి బిడ్డ నిలకడగా సీప్యాప్ మీదికి వచ్చాక, తల్లి గుండెల మీద బిడ్డను బట్టల్లేకుండా ఆనించి పెట్టుకునే కంగారూ పద్ధతి గురించి అడగండి. భారత్ సహా ఐదు దేశాల్లో కిలో నుంచి 1.8 కిలోల లోపు బిడ్డలకు దీన్ని పుట్టగానే మొదలుపెట్టి చూశారు. నెల లోపు మరణాలు 15.7 శాతం నుంచి 12కి తగ్గాయని 2021లో తేలింది. లక్షలు పోసే మెషిన్లు తెచ్చే మేలుతో ఇది పోటీ పడుతుంది. తల్లికి ఒంట్లో బాగాలేని పూట తండ్రి కూడా చేయొచ్చు. మేనమామ కూడా.

ఇక కళ్లు. నన్నడిగితే మన జిల్లాల్లో అన్నిటికంటే ఎక్కువగా ఇక్కడే నష్టపోతున్నాం. ప్రాణం దక్కించుకున్న బిడ్డ చూపు పోగొట్టుకోవడం చూసినప్పుడు కలిగే బాధ వేరు. ఇంత ముందుగా పుట్టిన బిడ్డకు కంటి వెనక పొరలో రక్తనాళాలు పూర్తిగా ఎదగవు. తర్వాత అవి అడ్డదిడ్డంగా పెరిగి పొరను లాగేస్తాయి. బయటికి కన్ను చక్కగానే కనిపిస్తుంది, తల్లికి ఏమీ తెలీదు. మీ బిడ్డ బరువు 1200 గ్రాముల లోపు కాబట్టి, పుట్టిన రెండు, మూడు వారాల మధ్యే మొదటి కంటి పరీక్ష జరగాలి, మూడు వారాలు దాటకూడదు. ఆసుపత్రిలోనే ఉన్నా జరగాలి, ఇంటికి పంపినా జరగాలి. ఒకసారి బాగుందంటే అయిపోలేదు, డాక్టరు చాలు అనేదాకా వారం, రెండు వారాలకోసారి వెళ్తూనే ఉండాలి. అవసరమైతే లేజర్ చేస్తారు, లేదా కంట్లోకి ఇంజెక్షన్ ఇస్తారు. దానికి దొరికే సమయం కొన్ని రోజులే. పలమనేరు నుంచి బస్సులో ఎందుకులే, వచ్చే వారం చూద్దాంలే అనుకున్న వారంలోనే చూపు పోతుంది. డిశ్చార్జి కాగితం మీద కంటి పరీక్ష తేదీ రాయించుకోకుండా ఆసుపత్రి గడప దాటకండి. వినికిడి పరీక్ష కూడా అప్పుడే అడగండి.

ఇంటికి తెచ్చాక స్నానం చేయించి సాంబ్రాణి పొగ వేయడం మన దగ్గర ప్రతి ఇంట్లో ఉంది. ఈ బిడ్డకు వద్దు. వెంటిలేటర్ మీద ఉన్న ఊపిరితిత్తులు ఒకటి రెండేళ్లు సున్నితంగానే ఉంటాయి. కట్టెల పొయ్యి పొగ, బీడీ పొగ కూడా వద్దు. ముక్కులో, చెవుల్లో నూనె పోయకండి, వస నాకించకండి. జలుబున్నవాళ్లు ఎంత దగ్గరి బంధువులైనా ఎత్తుకోకూడదు. మళ్లీ డొక్కలెగరేసినా, పాలు తాగడం మానేసినా తెల్లారేదాకా ఆగకండి. వయసును పుట్టిన రోజు నుంచి కాకుండా డాక్టరు ముందుగా అంచనా వేసి చెప్పిన కాన్పు తేదీ నుంచి లెక్కపెట్టండి. పక్కింటి బిడ్డ ఆరు నెలలకు కూర్చుంటే మీ పాప ఎనిమిదిన్నరకు కూర్చోవచ్చు, అది వెనకబడటం కాదు. నిజంగానే ఆలస్యమైతే ఫిజియోథెరపీ మొదటి ఏడాదిలోనే మొదలుపెట్టాలి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పిల్లల ఎదుగుదల లోపాలను ముందుగా పట్టి చికిత్స చేసే డీఈఐసీ కేంద్రాలు ఉన్నది దీనికోసమే, అక్కడ డబ్బు తీసుకోరు.

ఇది చదివే మిగతావాళ్లకు ఒక మాట. ఆ పలమనేరు ఆసుపత్రిలో ఇంజెక్షన్ వేసి పంపిన నర్సమ్మ ఎవరో గానీ, ఈ బిడ్డకు సగం ప్రాణం ఆమె పోసింది. 24 నుంచి 34 వారాల మధ్య నొప్పులొస్తే తల్లికి డెక్సామెథసోన్ 6 మిల్లీగ్రాములు, 12 గంటలకోసారి, నాలుగు డోసులు. మొదటి డోసు ఏఎన్ఎం కూడా వేసి పంపవచ్చని 2014 నుంచి కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాలు చెప్తున్నాయి. మీ ఇంట్లో ఎవరికైనా ఏడో నెలలో నొప్పులొస్తే, మొగిలి ఘాటో, భాకరాపేట ఘాటో దిగకముందే ఆ ఇంజెక్షన్ పడిందా అని అడగండి. కాన్పయ్యాక బిడ్డను తరలించడం కంటే, వీలున్నంతవరకు కాన్పుకు ముందే తల్లిని పెద్దాసుపత్రికి చేర్చండి.

తల స్కాన్ రిపోర్టు రాగానే, పేర్లు తీసేసి, గ్రేడూ ఆ రోజు ఆక్సిజన్ శాతమూ ఇక్కడ రాయండి. డాక్టరును ఆ తర్వాత ఏం అడగాలో చెప్తాను.